చూపు తగ్గిన ఇంట్లో ఎవరిదీ తప్పు కాదు

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాటలు వింటున్న అమ్మలారా, అయ్యలారా!

శుక్లాల సంగతి మనందరికీ తెలుసు. ఊళ్ళో కంటి శిబిరం పెడతారు, బస్సెక్కించి తీసుకెళ్తారు, ఆపరేషన్ చేస్తారు. మర్నాడు కట్టు విప్పితే మనవడి మొహం కనిపిస్తుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ జబ్బు గురించి కాదు. మేనమామకు ఉండి, మేనల్లుడికి వచ్చేది. అన్నకు వచ్చి, చెల్లికి వచ్చి, మధ్యవాడిని వదిలేసేది. తరం నుంచి తరానికి, రక్తంలో వచ్చే కంటిజబ్బుల గురించి.

మొదటే ఒక మాట చెప్పేస్తాను, చివరిదాకా గుర్తుంచుకోండి. ఈ జబ్బు ఎవరి తప్పూ కాదు. కానీ అది ఏ జబ్బో తెలుసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. తెలుసుకుంటే దారి ఉంది.

ఒక ఇల్లు ఊహించుకుందాం. అది ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు. ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఉన్నాడు. పగలు పుస్తకం చక్కగా చదువుతాడు. బోర్డు మీద అక్షరం కనిపిస్తుంది. తండ్రితో నారాయణవలస సంతకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పొద్దుగూకింది. అంతసేపూ ముందు నడిచిన కుర్రాడు, వెలుతురు తగ్గేసరికి వెనక్కి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఇంటికొచ్చాక గుమ్మం దగ్గరి బల్లకు మోకాలు కొట్టుకున్నాడు. పక్కనుంచి చెల్లెలు మంచినీళ్ళ గ్లాసు అందిస్తే చెయ్యి చాచలేదు. ఆ గ్లాసు వాడికి కనిపించలేదు. చూసినవాళ్ళు ఏమంటారు? "పొగరు" అంటారు. "కాళ్ళ దగ్గర చూసి నడవరా" అంటారు. మూల కూర్చున్న నాయనమ్మ మాత్రం అసలు సంగతి చెబుతుంది. "సీకటి పడితే ఈడికి అగుపడదు బాబూ. ఈడి మేనమావకీ అంతే."

శ్రోతలారా, ఆ నాయనమ్మ నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట డాక్టరుకు బంగారం. "ఈడి మేనమావకీ అంతే." ఆ మాట దగ్గరే మన కథ మొదలవుతుంది.

చీకట్లో కనిపించకపోవడాన్ని మనం రేచీకటి అంటాం. రేచీకటి అనగానే మునగాకు పెట్టమంటారు, పొన్నగంటి కూర పెట్టమంటారు, మేక కాలేయం వండిపెట్టమంటారు. అందులో తప్పు లేదు. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. ఆ విటమిన్ అందిస్తే తగ్గిపోతుంది. అందుకే తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ళ వరకు పిల్లలకు విటమిన్ ఎ చుక్కలు వేయిస్తున్నాం.

కానీ రెండో రకం రేచీకటి ఒకటి ఉంది. అది తిండి లోపం వల్ల రాదు. ఎంత ఆకుకూర తిన్నా పోదు. కంటి వెనుక గోడకు అంటుకుని పలుచని పొర ఒకటి ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. మనం చూసే ప్రతి దృశ్యమూ ఆ పొర మీదే పడుతుంది. అందులో మసక వెలుతురులో చూడటానికి పనికొచ్చే కణాలు వేరు, పట్టపగలు రంగులూ అక్షరాలూ చూపించే కణాలు వేరు. ఈ జబ్బులో మసక వెలుతురు కణాలు ముందు చచ్చిపోతాయి. అందుకే మొదట చీకట్లో ఇబ్బంది. తర్వాత పక్కచూపు పోతుంది. మధ్యలో చూపు మిగులుతుంది. అందుకే పుస్తకం చదివే పిల్లవాడు పక్కనున్న గ్లాసు చూడలేడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మధ్య చూపు కూడా కుంచించుకుపోతుంది.

దీని పేరు రెటినైటిస్ పిగ్మెంటోజా. మరోసారి నెమ్మదిగా చెబుతాను. రెటినైటిస్ పిగ్మెంటోజా. డాక్టర్లు పొట్టిగా ఆర్‌పీ అంటారు. ఆర్‌పీ అన్న రెండక్షరాలు గుర్తుపెట్టుకోండి చాలు. ప్రపంచం మొత్తం మీద నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మన దక్షిణాదిలో జరిగిన సర్వేల్లో అంతకంటే ఎక్కువమందికే కనిపించింది.

ఎందుకు ఎక్కువ? ఇక్కడ కాస్త ఓపికగా వినండి.

మన ఒంట్లో ప్రతి పని వెనుకా జన్యువులు ఉంటాయి. దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండేసి ఉంటాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకే తాళానికి రెండు తాళంచెవులు ఉన్నాయనుకోండి. ఒక చెవి విరిగినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది. విరిగిన చెవి ఇంట్లో ఉన్నట్టే మనకు తెలియదు. అలాగే విరిగిన జన్యువు ఒకటి మోస్తూ నిక్షేపంగా నూరేళ్ళు బతికినవాళ్ళు ఉన్నారు. మీరూ నేనూ కూడా ఏదో ఒక విరిగిన జన్యువు మోస్తూనే ఉంటాం. మనుషులందరూ అంతే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, భార్యాభర్తలిద్దరూ ఒకే రకం విరిగిన జన్యువు మోస్తున్నప్పుడు. వాళ్ళిద్దరి చూపూ బాగానే ఉంటుంది. కానీ బిడ్డకు అమ్మ నుంచీ విరిగినదే, నాన్న నుంచీ విరిగినదే వస్తే జబ్బు బయటపడుతుంది. ప్రతి కాన్పులోనూ దానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ప్రతి కాన్పులోనూ. ఈ మాట రెండుసార్లు ఎందుకన్నానంటే, "పెద్దవాడికి వచ్చేసింది కదా, ఇక రెండోవాడికి రాదు" అని చాలామంది అనుకుంటారు. అలా లెక్క తీరిపోదు. ప్రతి బిడ్డకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే.

ఇప్పుడు చెప్పండి. ఒకే రకం విరిగిన జన్యువు భార్యాభర్తలిద్దరిలో ఉండే అవకాశం ఎప్పుడు ఎక్కువ? ఇద్దరూ ఒకే తాత వంశం వాళ్ళైనప్పుడు. మేనమామకు మేనకోడల్ని ఇచ్చినప్పుడు. మేనబావకు మేనమరదల్ని చేసినప్పుడు. అందుకే మేనరికాల ఇళ్ళలో ఈ రకం జబ్బులు ఎక్కువ.

నేను మేనరికాన్ని తిట్టడానికి ఇక్కడ కూర్చోలేదు. ఆస్తి చెదరకూడదనీ, ఆడపిల్ల పరాయి చోట కష్టపడకూడదనీ, అయినవాళ్ళ మధ్యే ఉండాలనీ మన పెద్దలు చేసిన ఏర్పాటు అది. అందులో ప్రేమ ఉంది. పైగా మేనరికం చేసుకున్నవాళ్ళందరి పిల్లలకూ జబ్బు రాదు. మేనరికం చేసుకోని వాళ్ళ పిల్లలకు రాదన్న హామీ కూడా లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎన్నో తరాలుగా తమలో తాము మాత్రమే పెళ్ళిళ్ళు చేసుకుంటున్న సమూహాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట దగ్గరి చుట్టరికం లేకపోయినా ఇద్దరిలోనూ ఒకే జన్యులోపం ఉండే అవకాశం ఎక్కువని ఆ అధ్యయనం చూపించింది. కాబట్టి "మాది మేనరికం కాదు కదా" అని నిశ్చింతగా ఉండడానికి లేదు.

అన్ని కంటిజబ్బులూ ఇదే దారిలో రావు. కొన్ని తల్లి మోస్తుంది, కొడుకులకు వస్తాయి. కొన్ని తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, సగం మంది పిల్లలకు రావచ్చు. ఏ ఇంట్లో ఏ దారిలో వస్తోందో చూసి చెప్పాల్సింది డాక్టరు. మనం ఊహించి చెప్పకూడదు.

ఇక్కడ అమ్మలకు ఒక మాట. అత్తలకు కూడా. బిడ్డకు చూపు లేదనగానే వేలు ఎవరి మీదకు వెళ్తుంది? కోడలి మీదకు. గ్రహణం రోజు బయటకు వచ్చిందంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినకూడనిది తిన్నదంటారు. ఇప్పుడే చెప్పుకున్నాం, తాళంచెవులు రెండు. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. నాలుగింట ఒక వంతు లెక్కలో అమ్మ వాటా ఎంతో నాన్న వాటా కూడా అంతే. గ్రహణానికి దీనితో ఏ సంబంధమూ లేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఈ మాట ఇంట్లో అందరూ వినేలా చెప్పండి.

సరే, మన పిల్లవాడి దగ్గరకు వద్దాం. వాడిని ఎక్కడికి తీసుకెళ్ళాలి? అక్కడేం చేస్తారు?

ముందు మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి డాక్టరుకు చూపించండి. వాళ్ళు అనుమానం ఉందంటే విశాఖపట్నం వెళ్ళాలి. అక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక కూడలి దగ్గర ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. ఆ సంస్థ 1987లో హైదరాబాద్‌లో మొదలైంది. అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు దాన్ని స్థాపించారు. సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలమూ ధనమూ ఇచ్చింది. 2006లో విశాఖలో శాఖ తెరిచారు. మన ఉత్తరాంధ్రవాళ్ళు హైదరాబాద్ దాకా పరుగెత్తే పని అప్పటి నుంచి చాలావరకు తగ్గింది.

కోటబొమ్మాళి స్టేషన్లో బండెక్కేముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పిల్లవాడిని ఒక్కడినే పంపకండి. అమ్మ రావాలి, నాన్న రావాలి. వీలైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు రావాలి. ఆ మేనమామ కూడా వస్తే ఇంకా మంచిది. ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు అక్కడ చేసే పరీక్షల సంగతి.

కంట్లో చుక్కలు వేస్తారు. కనుపాప పెద్దదవుతుంది. డాక్టరు లోపలి రెటీనాను చూస్తారు. ఆర్‌పీ ఉంటే అక్కడక్కడ నల్లటి మచ్చలు, సాలెగూడు పోగుల్లా కనిపిస్తాయి. తర్వాత ఒక గిన్నెలాంటి పరికరం ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. చేతికి ఒక బటన్ ఇస్తారు. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగుచుక్క మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా నొక్కాలి. పక్కచూపు ఎంతవరకు ఉందో దానితో తెలుస్తుంది.

ఆ తర్వాత చీకటి గది. అందులో ఇంచుమించు అరగంట కూర్చోబెడతారు. పిల్లలు భయపడతారు, పక్కన అమ్మ ఉంటే మేలు. కంటిని తాకేలా సన్నటి తీగ ఒకటి పెడతారు. నొప్పి ఉండదు, చుక్కల మందు వేస్తారు. తటాలున వెలుగు మెరిపిస్తారు. ఆ వెలుగుకు రెటీనా ఎంత విద్యుత్తు పుట్టించిందో యంత్రం గీతలుగా గీస్తుంది. బాగున్న కన్నయితే గీత కెరటంలా లేస్తుంది. ఆర్‌పీ ఉన్న కంట్లో ఆ గీత దాదాపు చదునుగా ఉండిపోతుంది. పిల్లవాడు నోరు విప్పి చెప్పలేనిది ఆ గీత చెబుతుంది. పొగరు కాదని, పరధ్యానం కాదని, నిజంగానే కనిపించడం లేదని చెబుతుంది.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఎందుకు రావాలో వినండి. ఒకరు తెల్ల కాగితం తీసుకుని మీ ఎదురుగా కూర్చుంటారు. మగవాళ్ళకు చదరం గీస్తారు. ఆడవాళ్ళకు సున్నా గీస్తారు. భార్యాభర్తల మధ్య ఒక గీత. మేనరికమైతే రెండు గీతలు. చూపు తగ్గినవాళ్ళ బొమ్మను నల్లగా నింపుతారు. తాత, అమ్మమ్మ, పెదనాన్న, పిన్ని, చిన్నప్పుడే పోయిన బిడ్డ, అందరినీ అడుగుతారు. ఇది వంశవృక్షం. ఆ కాగితం పూర్తయ్యేసరికి జబ్బు ఏ దారిలో వస్తోందో డాక్టరుకు సగం తెలిసిపోతుంది. అందుకే ఆ నాయనమ్మ మాట బంగారం అన్నాను. ఏ చుట్టాన్నీ దాచకండి. పెళ్ళి సంబంధాలు చెడతాయని మేనమామ సంగతి దాచిపెడితే, చెడేది ఈ పిల్లవాడి వైద్యమే.

ఆ తర్వాత కాస్త రక్తం తీసుకుంటారు. పిల్లవాడిది, అమ్మది, నాన్నది. దాని నుంచి జన్యుపరీక్ష చేస్తారు. ఒక్క ఆర్‌పీకే 80కి పైగా జన్యువులు కారణం కావచ్చు. ఒకప్పుడు ఒక్కో జన్యువును విడిగా వెతికేవారు, ఏళ్ళు పట్టేది. ఇప్పుడు వందల జన్యువులను ఒకేసారి చదివే పద్ధతి వచ్చింది. అయినా ప్రతి ఇంట్లోనూ కారణం దొరకదు. దొరకలేదంటే అక్కడితో అయిపోయినట్టు కాదు. కొత్త జన్యువులు బయటపడుతూనే ఉన్నాయి, కొన్నేళ్ళకు మళ్ళీ అడిగి చూడాలి.

ఈ పరిశోధన ఎక్కడో పరాయి దేశంలో జరుగుతోందనుకోకండి. మన హైదరాబాద్‌లో జరుగుతోంది. మన కుటుంబాలు ఇచ్చిన రక్తంతోనే జరుగుతోంది. సీసీఎంబీకి డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ దొరైరాజన్ బాలసుబ్రమణియన్ ఆ తర్వాత ఎల్.వి. ప్రసాద్ సంస్థలో పరిశోధన విభాగాన్ని తీర్చిదిద్దారు. అక్కడ డాక్టర్ చిత్రా కన్నబిరాన్ బృందం వంశపారంపర్య కంటిజబ్బుల జన్యువుల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. కొందరు పిల్లలు పుట్టడమే నల్లగుడ్డు మీద తెల్లటి మబ్బుతో పుడతారు. కన్ను ముందున్న పారదర్శకమైన పొర మసకబారి, నీలం కలిసిన తెలుపులో ఉంటుంది. ఆ పొర వెనుక భాగంలో నీటిని బయటకు తోడే కణాలు పనిచేయకపోవడం వల్ల ఇలా అవుతుంది. దీనికి కారణమైన జన్యువు 2006లో బయటపడింది. మరుసటి ఏడాదే హైదరాబాద్ పరిశోధకులు మన ప్రాంతపు కుటుంబాల్లో ఆ జన్యువులోని లోపాలను ఒక్కొక్కటిగా గుర్తించి ప్రచురించారు. ఆ కుటుంబాల్లో చాలావాటిలో మేనరికం ఉంది. ఈ జబ్బుకు వైద్యం ఉంది. కార్నియా అనే ఆ పొరను మార్చవచ్చు. ఎవరో చనిపోతూ దానం చేసిన కన్ను ఆ పిల్లవాడికి చూపవుతుంది.

ఇది చాలా ముఖ్యమైన సంగతి, మళ్ళీ చెబుతాను. వంశంలో వచ్చే కంటిజబ్బు అనగానే మందు లేదనుకోకండి. కొన్నింటికి మంచి వైద్యం ఉంది, కాకపోతే సమయానికి వెళ్ళాలి.

కొన్ని ఇళ్ళలో పుట్టిన బిడ్డ కళ్ళు మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. చూసినవాళ్ళంతా "ఎంత చక్కటి కళ్ళో" అని మురిసిపోతారు. అమ్మ దిష్టి తీస్తుంది. కానీ ఆ కళ్ళు వెలుతురు భరించలేవు, ఎండలోకి తీసుకెళ్తే మొహం తిప్పేసుకుంటుంది, ఊరికే నీళ్ళు కారుతుంటాయి. అది అందం కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే గ్లాకోమా కావచ్చు. కంటి లోపల ఒత్తిడి పెరిగి గుడ్డు సాగుతోందన్నమాట. దీని వెనుక కూడా తరచూ జన్యులోపం ఉంటుంది. నెలల బిడ్డగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేస్తే చూపు నిలబడుతుంది. ఏడాది ఆగితే నష్టం జరిగిపోతుంది.

ఇంకొకటి. సెల్‌ఫోన్లో బిడ్డ ఫోటో తీస్తే ఒక కంటిపాపలో తెల్లటి మెరుపు పదేపదే కనిపిస్తే, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పరుగెత్తండి. శుక్లం కావచ్చు. రెటీనాలో వచ్చే క్యాన్సరు కూడా కావచ్చు. దాన్ని రెటినోబ్లాస్టోమా అంటారు. తొందరగా పట్టుకుంటే ప్రాణమూ దక్కుతుంది, చాలామందిలో కన్ను కూడా దక్కుతుంది. ఇంట్లో ఒక బిడ్డకు వస్తే తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి. అందుకే మళ్ళీ మళ్ళీ అంటున్నాను, ఇంటిల్లిపాదీ వెళ్ళండి.

మరి ఆర్‌పీ సంగతేమిటి? నిజం చెప్పాలి. చచ్చిపోయిన కణాలను తిరిగి బతికించే మందు ఇవాళ మనకు అందుబాటులో లేదు. కానీ ప్రపంచంలో ఒక తలుపు తెరుచుకుంది. ఆ కథ వినండి.

పుట్టుకతోనే చూపు బాగా తక్కువగా ఉండే జబ్బు ఒకటి ఉంది. అందులో ఒక రకానికి ఆర్‌పీఈ65 అనే జన్యువు కారణం. మనం తిన్న విటమిన్ ఎను కంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేది ఈ జన్యువే. అది పనిచేయకపోతే ఎంత విటమిన్ తిన్నా కంటికి అందదు. 2001లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికా శాస్త్రవేత్తలు ఇదే లోపంతో పుట్టిన కుక్కల కంట్లోకి బాగున్న జన్యువును సూదితో ఎక్కించారు. వాటిలో లాన్సెలాట్ అనే కుక్కపిల్ల ఎదురుగా ఉన్నవాటిని తప్పించుకుంటూ నడిచింది. 2008లో అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ మనుషుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ చికిత్సకు అనుమతి ఇచ్చింది. దాని పేరు లక్స్‌టర్నా. వంశపారంపర్య కంటిజబ్బుకు వచ్చిన మొదటి జన్యుచికిత్స అది.

అప్పుడు పెట్టిన ధర ఎంతో తెలుసా? రెండు కళ్ళకు కలిపి ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. అప్పటి లెక్కలో మన డబ్బు ఐదున్నర కోట్ల రూపాయలు. పైగా అది ఆ ఒక్క జన్యువు చెడినవాళ్ళకే, అదీ రెటీనాలో ఇంకా బతికున్న కణాలు ఉన్నవాళ్ళకే పనిచేస్తుంది.

కోటబొమ్మాళిలో కూర్చుని ఐదున్నర కోట్ల మందు గురించి ఎందుకు మాట్లాడాలి? రెండు కారణాలు. ఒకటి, ఇలాంటి చికిత్సలు మన దేశంలో మన ధరకు తయారు కావాలని పని మొదలైంది. వంశపారంపర్య కంటిజబ్బుల కోసం ఐఐటీ కాన్పూర్‌లో రూపొందించిన జన్యుచికిత్స విధానాన్ని 2022లో ఒక భారతీయ కంపెనీకి అప్పగించారు. మన దేశంలోనే తయారైన టీకాలు చవకగా ఊరూరా అందాయి. ఇదీ ఏదో ఒక రోజు అందాలి. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఆ రోజు వచ్చినప్పుడు మీ పిల్లవాడికి చెడిన జన్యువు ఏదో తెలిసి ఉండాలి. తెలియకపోతే మందు గుమ్మంలోకి వచ్చినా మనకు పనికిరాదు. జన్యువు పేరు రాసిన కాగితాన్ని భూమి పత్రాలతో సమానంగా దాచుకోండి.

ఈ లోపు మోసపోకండి. మూలకణాలు ఎక్కిస్తే చూపు వచ్చేస్తుందని లక్షలు అడిగేవాళ్ళు ఉన్నారు. తేనెటీగలతో కుట్టిస్తామనేవాళ్ళు, కంట్లో ఏవో పసర్లు పోసేవాళ్ళు ఉన్నారు. మన భారత వైద్య పరిశోధన మండలి 2017లోనే స్పష్టంగా చెప్పింది. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప మిగతా వేటికీ మూలకణాల వైద్యాన్ని మామూలు చికిత్సగా అమ్మకూడదని. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. నిజమైన ప్రయోగంలో మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. ప్రయోగం అంటూ డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. పొలం అమ్మకండి.

డాక్టర్లు చెప్పకుండా విటమిన్ ఎ మాత్రలు కూడా ఎక్కువ మోతాదులో మింగకండి. కొన్ని రకాల రెటీనా జబ్బుల్లో అది మేలు కంటే కీడే చేస్తుంది. కాలేయానికీ హాని.

ఇక చూపు తగ్గుతున్న పిల్లవాడి బతుకు సంగతి. మందు లేదన్నంత మాత్రాన చేయాల్సింది ఏమీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఆర్‌పీ ఉన్నవాళ్ళకు చిన్న వయసులోనే శుక్లం రావచ్చు, దాన్ని తీసేయవచ్చు. రెటీనా మధ్యలో నీరు చేరవచ్చు, దానికి మందులు ఉన్నాయి. అందుకే ఏటా పరీక్ష మానకూడదు. అక్షరాలను పెద్దవి చేసి చూపే కళ్ళద్దాలు, పరికరాలు ఉన్నాయి. తెల్ల కర్ర పట్టుకుని ధైర్యంగా నడవడం నేర్పే శిక్షణ ఉంది. చేతిలో ఉన్న మామూలు సెల్‌ఫోనే తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగులో కూడా. పిల్లవాడికి అది ముందే నేర్పండి. చూపు పూర్తిగా పోయేదాకా ఆగకండి.

బడి మాన్పించకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి మీరు వినే ఉంటారు. ఇంటర్లో సైన్సు చదవడానికి వీల్లేదంటే కోర్టుకు వెళ్ళి గెలిచారు. అమెరికాలో ఎంఐటీలో చదివారు. తిరిగివచ్చి పరిశ్రమ పెట్టి పదిమందికి పని ఇచ్చారు. అందరూ అంత ఎత్తుకు వెళ్ళక్కర్లేదు. కానీ మన పిల్లవాడు డిగ్రీ చదివి, ఉద్యోగం చేసి, తన కాళ్ళ మీద నిలబడగలడు. అది మాత్రం ఖాయం.

చట్టం కూడా అండగా ఉంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం చూపు పూర్తిగా లేనివాళ్ళతో పాటు చూపు బాగా తక్కువగా ఉన్నవాళ్ళనూ గుర్తించింది. చదువులో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. పరీక్షల్లో రాసిపెట్టడానికి మనిషిని ఇస్తారు, అదనపు సమయం ఇస్తారు. మన రాష్ట్రంలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉన్న అర్హులకు పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి అది నెలకు ఆరు వేల రూపాయలు. మీ గ్రామ సచివాలయంలో అడిగితే సదరం శిబిరానికి తేదీ ఇస్తారు. పింఛను తీసుకోవడం చిన్నతనం కాదు. అది ఆ బిడ్డ హక్కు.

ఇప్పుడు మన ప్రభుత్వాలతో కూడా ఒక మాట అనాలి. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. శుక్లాల మీద అది చేసిన మేలు లక్షల ఇళ్ళలో కనిపిస్తుంది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంధుల పాఠశాలల పిల్లలను పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనం ఏం చెప్పింది? పుట్టుకతోనే కన్ను సరిగా ఏర్పడకపోవడమే అన్నిటికంటే పెద్ద కారణమని చెప్పింది. అంటే పిల్లల అంధత్వానికి వేరే దారిలో ఎదురెళ్ళాలి. 2013 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. 2021లో అరుదైన జబ్బులకు జాతీయ విధానం వచ్చింది. దాని కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. మంచిదే. కానీ శ్రీకాకుళం జిల్లాలో జన్యుపరీక్ష అంటే ఏమిటో తెలుగులో కూర్చోబెట్టి చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. జన్యుపరీక్ష ఖర్చు కూలి చేసుకునే ఇంటి మీద పడకూడదు. ఊరూరా కంటి శిబిరం పెట్టగలిగిన దేశం ఇది కూడా చేయగలదు.

ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, బడి పంతుళ్ళకు ఒక విన్నపం. సాయంత్రం ప్రైవేటు క్లాసు అయ్యాక ఎవరు తోటివాడి భుజం పట్టుకుని ఇంటికి వెళ్తున్నారో గమనించండి. ఆటలో బంతి పక్కనుంచి వస్తే ఎవరు తప్పిపోతున్నారో గమనించండి. ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడండి. మందలించకండి. మాట్లాడండి.

శ్రోతలారా, సమయం అయిపోవచ్చింది. చెప్పినవాటిలో మూడు ముక్కలు మళ్ళీ చెబుతాను.

ఒకటి. ఇది ఎవరి తప్పూ కాదు. అమ్మను నిందించకండి, ఏ చుట్టాన్నీ దాచకండి.

రెండు. చీకట్లో తడబడే పిల్లలను, పెద్ద కళ్ళతో నీళ్ళు కార్చే పసిబిడ్డలను, కంటిపాపలో తెల్ల మెరుపు ఉన్నవాళ్ళను ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళండి.

మూడు. జబ్బు పేరు, జన్యువు పేరు తెలుసుకుని కాగితం దాచుకోండి. మందు కోసం పొలం అమ్మకండి. బడి మాన్పించకండి.

మీ ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉంటే, ఈ ఆదివారం ఒక పని చేయండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి తెల్ల కాగితం మీద నాలుగు తరాల పేర్లు రాయండి. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. మేనరికానికి రెండు గీతలు. చూపు తగ్గినవాళ్ళను నల్లగా నింపండి. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వైద్యానికి బయలుదేరండి. సగం పని మీరే చేసి తీసుకెళ్ళినట్టు అవుతుంది. మిగతా సగం చేయడానికి మన డాక్టర్లు, మన శాస్త్రవేత్తలు ఉన్నారు.